జపాన్‌లో 50 సీసీ బండి ఎందుకు ఆగిపోయింది? ఒక అంకె చుట్టూ తిరిగిన చిన్న బళ్ల చరిత్ర

2025 నవంబర్ 1 నుంచి జపాన్‌లో చిన్న బళ్లకి కొత్త పొగ నిబంధనలు పూర్తిగా అమల్లోకి వచ్చాయి. దాంతో అక్కడి పెద్ద కంపెనీలు 50 సీసీ పెట్రోల్ బళ్లు చెయ్యడం మానేశాయి. ఈ వార్త మన దగ్గరికి వచ్చేసరికి "సూపర్ కబ్ ఆగిపోయింది", "హోండా స్కూటర్లకి మంగళం" అన్నట్టు తిరిగింది. అందులో సగమే నిజం. హోండా చిన్న బండి సూపర్ కబ్‌లో 110, 125 సీసీ బళ్లు ఇంకా తయారవుతున్నాయి, ఆగింది 50 ఒక్కటే. పైగా ఆ 50 స్థానంలోకి ఒక కొత్త తరగతి కూడా వచ్చింది, దాని ఇంజన్ 125 సీసీ దాకా ఉండొచ్చు, అయినా చట్టం దాన్ని 50 సీసీ బండిగానే చూస్తుంది. ఇక్కడే చాలామందికి తికమక మొదలవుతోంది.

ఇది అర్థం కావాలంటే ఇంజన్ ఒక్కటే తెలిస్తే చాలదు, లైసెన్సుల చరిత్ర కూడా తెలియాలి. నాకు అర్థమైనంతలో 50 అనే అంకెని నిలబెట్టింది ఇంజనీర్లు కాదు, చట్టం. ఆ బండిని పెంచిందీ చట్టమే, నలభై ఏళ్లపాటు కొంచెం కొంచెంగా తగ్గించిందీ చట్టమే, పొగ నిబంధన వచ్చేసరికి అది అప్పటికే నీరసించిపోయి ఉంది.

మోపెడ్, స్కూటర్, కబ్, గెంట్సుకి: ఏది ఏమిటి

మోపెడ్ అంటే మొదట్లో పెడల్స్ కూడా ఉన్న చిన్న మోటారు బండి, తొక్కి స్టార్ట్ చేసి ఎత్తు వచ్చినప్పుడు కాళ్లతో సాయం పట్టేది. తర్వాత పెడల్స్ పోయినా ఆ పేరు చిన్న బళ్లకి ఉండిపోయింది, మన టీవీఎస్ ఎక్స్‌ఎల్‌ని అలాగే పిలుస్తాం కదా. స్కూటర్ అంటే చిన్న చక్రాలు, కాళ్లు పెట్టుకోవడానికి చదునైన నేల, సీటు కింద ఇంజన్. సూపర్ కబ్ రెండిటికీ మధ్యలో ఉంటుంది: మోటార్‌సైకిల్ లాంటి పెద్ద చక్రాలు, కానీ కాలు పైకెత్తి దాటించకుండానే ఎక్కగలిగే ఒంగిన ఫ్రేము, ముందు బురద కొట్టకుండా కాళ్లకి అడ్డు.

ఇవన్నీ బండి ఆకారాన్ని బట్టి వచ్చిన పేర్లు. జపాన్ చట్టానికి ఆకారంతో పని లేదు. అక్కడ 50 సీసీ దాకా ఉన్న బండి "ఒకటో తరగతి గెంట్సుకి", అంటే మోటారు బిగించిన సైకిలు అని. 51 నుంచి 125 సీసీ దాకా రెండో తరగతి. మొదటిదానికి లైసెన్సు చాలా సులువు: 16 ఏళ్లు నిండాలి, రాతపరీక్ష రాయాలి, కాసేపు శిక్షణకి కూర్చోవాలి, అంతే, బండి నడిపి చూపించే పరీక్ష లేదు. ఇంకో పెద్ద వెసులుబాటు ఏమిటంటే కారు లైసెన్సు ఉన్నవాళ్లందరికీ ఇది దానితోపాటే వచ్చేస్తుంది. రెండో తరగతికి మాత్రం వేరే మోటార్‌సైకిల్ లైసెన్సు తీసుకోవాలి.

సులువుగా ఇచ్చినందుకు షరతులూ గట్టివే. ఒకటో తరగతి బండి గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదు, వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు. వెళ్లే దిశలో మూడు లేదా అంతకన్నా ఎక్కువ లేన్లున్న సిగ్నల్ కూడలిలో నేరుగా కుడికి తిరగకూడదు. జపాన్‌లో కూడా మనలాగే ఎడమవైపు నడుపుతారు, కాబట్టి కుడి మలుపంటే ఎదురొచ్చే బళ్లని దాటడమే. గెంట్సుకి నడిపేవాళ్లు ఎడమ అంచునే నేరుగా కూడలి దాటి, అవతలి మూల ఆగి, బండిని కుడికి తిప్పుకుని, ఆ వైపు పచ్చలైటు పడ్డాక మళ్లీ బయల్దేరాలి. ఒక్క మలుపుకి రెండు సిగ్నళ్లు.

యుద్ధం తర్వాత మిగిలిన ఇంజన్లతో మొదలు

1945లో యుద్ధం ముగిసేసరికి జపాన్ ఊళ్లు బూడిదయ్యాయి, రైళ్లు కిక్కిరిసిపోయేవి, పెట్రోల్ రేషన్ మీద దొరికేది. హమమత్సు ఊళ్లో సోయిచిరో హోండా 1946లో ఒక చిన్న వర్క్‌షాపు పెట్టి, సైన్యం రేడియో సెట్లకి కరెంటు పుట్టించడానికి వాడిన మికుని కంపెనీ ఇంజన్లు ఓ ఐదొందల దాకా సంపాదించి సైకిళ్లకి బిగించి అమ్మాడు. అవి అయిపోయాక సొంత ఇంజన్ చేశాడు, 1948లో హోండా మోటార్ కంపెనీ రిజిస్టర్ అయింది.

స్కూటర్ల వైపు కథ ఇంకో దారిలో నడిచింది. విమానాలు చెయ్యకూడదని జపాన్ మీద నిషేధం పడింది. యుద్ధ విమానాలు చేసిన నకజిమా కంపెనీ పేరు మార్చుకుని (దాని వారసురాలే ఇప్పటి సుబారు) 1946లో రాబిట్ అనే స్కూటర్ తెచ్చింది. దాని మొదటి బళ్లకి గింగా బాంబర్ విమానం తోక చక్రాల టైర్లు వాడారు, చేతిలో ఉన్న సరుకు అదే మరి. అదే ఏడాది మిత్సుబిషి సిల్వర్ పీజన్ తెచ్చింది. రెండిటికీ నమూనా అమెరికన్ స్కూటర్లే.

1952లో హోండా కబ్ ఎఫ్ అనే చిన్న ఇంజన్ తెచ్చింది. అది బండి కాదు, మన దగ్గరున్న సైకిలు వెనక చక్రానికి తగిలించుకునే 50 సీసీ ఇంజన్, ఎర్ర ఇంజన్, తెల్ల ట్యాంకు. హోండాకి వ్యాపారం చూసిపెట్టిన తకేవో ఫుజిసావా ఇక్కడ చేసిన పని చరిత్రలో నిలిచిపోయింది. డీలర్లు లేరు కాబట్టి దేశంలో ఉన్న దాదాపు 50 వేల సైకిల్ షాపులకి ఉత్తరాలు రాశాడు, డబ్బు ముందు పంపితే ఇంజన్ పెట్టెలో పెట్టి పంపిస్తామని. వేల షాపులు ఒప్పుకున్నాయి. తర్వాత సూపర్ కబ్‌ని ఊరూరా అమ్మిపెట్టిన షాపుల వరస ఇలాగే తయారైంది. అదే ఏడాది, అదే హమమత్సు నుంచి మగ్గాలు చేసే సుజుకి కూడా పవర్ ఫ్రీ అనే 36 సీసీ సైకిల్ మోటారుతో దిగింది. 1955లో పియానోలు, హార్మోనియంలు చేసే కంపెనీ నుంచి యమహా పుట్టింది, దాని మొదటి బండి వైఏ-1కి జర్మన్ డీకేడబ్ల్యూ 125 నమూనా.

ఆ రోజుల్లో జపాన్‌లో బళ్లు చేసే కంపెనీలు వందకు పైనే ఉండేవి. ఇప్పుడు నాలుగు.

50 అనే గీత చట్టం గీసింది

మరి 50 ఎలా వచ్చింది? 1952లో ఈ సైకిల్ మోటార్లు రోడ్ల మీద ఎక్కువైపోయేసరికి ప్రభుత్వం ఒక సడలింపు ఇచ్చింది. టూ స్ట్రోక్ అయితే 60 సీసీ, ఫోర్ స్ట్రోక్ అయితే 90 సీసీ దాకా పరీక్ష లేకుండా అనుమతి పత్రంతో నడపొచ్చని. రెండు మూడేళ్లకే ఆ తేడా తీసేసి ఇంజన్ ఏదైనా 50కి ఒక గీత, 125కి ఇంకో గీత పెట్టారు. ఇక కంపెనీలకి లెక్క తేలిపోయింది. 49 సీసీ బండి చేస్తే దేశంలో దాదాపు ఎవరైనా కొనగలరు, 55 సీసీ చేస్తే కొనేవాడు ముందు వేరే లైసెన్సు తెచ్చుకోవాలి. ఇంజనీర్ల తెలివంతా ఆ 49 లోపల ఎంత పిండగలం అన్నదాని మీదకి మళ్లింది.

1958: సూపర్ కబ్ ఎందుకు అంత గెలిచింది

1958 ఆగస్టులో సూపర్ కబ్ సీ100 వచ్చింది. 49 సీసీ, ధర 55 వేల యెన్‌లు. అప్పటి చిన్న బళ్లు చాలావరకు టూ స్ట్రోక్, పొగ కక్కేవి, ఆయిల్ కలిపి పొయ్యాలి, చప్పుడెక్కువ. హోండా ఫోర్ స్ట్రోక్ ఇంజన్ పెట్టి 9,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర 4.5 హార్స్‌పవర్ తీసింది. ఆ సైజుకి ఆ కాలంలో అది చాలా ఎక్కువ.

కానీ పవర్ కన్నా పెద్ద సంగతి క్లచ్. నూడుల్స్ డెలివరీ చేసే కుర్రాడు ఒక చేత్తో ట్రే పట్టుకుని ఇంకో చేత్తో నడపగలగాలి అన్నది హోండా పెట్టుకున్న షరతు. అందుకే ఎడమ చేతికి క్లచ్ లివర్ లేదు. ఇంజన్ స్పీడు పెరిగేకొద్దీ బరువులు బయటికి జరిగి తమంతట తామే పట్టుకునే సెంట్రిఫ్యూగల్ క్లచ్ పెట్టి, గేరు కాలితో మార్చేటప్పుడు క్లచ్ వదిలేలా చేశారు. చక్రాలు 17 అంగుళాలు, ఎందుకంటే అప్పట్లో జపాన్ రోడ్లు ఎక్కువ మట్టివే, చిన్న చక్రాల స్కూటర్లు గుంతల్లో ఇబ్బంది పెట్టేవి. కాళ్లకి అడ్డుగా పాలిథిలీన్ షీల్డ్, బరువు తక్కువ, పడితే సొట్ట పడదు. దుకాణదారు, పోస్ట్‌మన్, పేపరు వేసేవాడు, డాక్టరు, చీరలాంటి కిమోనో కట్టుకున్న ఆవిడ, ఎవరైనా ఎక్కగలరు.

ఫుజిసావా నెలకు 30 వేలు అమ్ముతానన్నాడు, అందుకోసం 1960లో సుజుకాలో కొత్త ఫ్యాక్టరీ కట్టారు. రాబిట్, సిల్వర్ పీజన్ లాంటి బరువైన స్కూటర్లు కింద నుంచి కబ్, పైనుంచి సుబారు 360 లాంటి చవక కార్లు నొక్కేసరికి 1960ల చివరికల్లా కనుమరుగయ్యాయి. సుబారు 360ని చేసింది రాబిట్ చేసిన కంపెనీయే. సూపర్ కబ్ మాత్రం అన్ని దేశాల్లో అన్ని సైజులు కలిపి 2017లో పది కోట్లు దాటింది. మోటారు వాహనాల్లో ఇంకే వరసా అంత అమ్ముడుపోలేదు.

అమెరికాలో గెలుపు: ప్లానా, యాదృచ్ఛికమా?

1959లో హోండా లాస్ ఏంజెలెస్‌లో కంపెనీ పెట్టింది. అదే ఏడాది ఐల్ ఆఫ్ మ్యాన్ రేసులో 125 సీసీ బళ్లతో దిగి, 1961లో 125, 250 రెండు తరగతులూ గెలిచింది. అమెరికాలో 1960ల మొదట్లో మొదలైన "హోండా మీద మంచివాళ్లు కలుస్తారు" అన్న ప్రచారం, తోలు జాకెట్ల గ్యాంగులతో ముడిపడిన మోటార్‌సైకిల్ మీద జనం అభిప్రాయాన్నే మార్చేసింది.

దీనికి కారణం ఏమిటన్న దానిమీద మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఇప్పటికీ నడిచే వాదన ఒకటుంది. బ్రిటిష్ మోటార్‌సైకిల్ పరిశ్రమ ఎందుకు కూలిందో చెప్పమని అక్కడి ప్రభుత్వం అడిగితే బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ అనే వ్యాపార సలహా సంస్థ 1975లో ఇచ్చిన రిపోర్టు ఇలా అంది: జపాన్ కంపెనీలు సొంత దేశంలో లక్షల్లో చిన్న బళ్లు చేసి ఖర్చు తగ్గించుకున్నాయి, ఆ బలంతో బయటికి వచ్చాయి, అంతా లెక్క ప్రకారం. మేనేజ్‌మెంట్ రచయిత రిచర్డ్ పాస్కేల్ 1984లో ఇంకో కథ రాశాడు. ఆయన హోండా తరఫున అమెరికా వెళ్లినవాళ్లతో స్వయంగా మాట్లాడాడు. వాళ్లు నిజానికి పెద్ద బళ్లు అమ్మాలని వెళ్లారు, అమెరికా హైవేల మీద అంత దూరం అంత స్పీడులో తొక్కేసరికి అవి రిపేరుకొచ్చాయి, ఇక గత్యంతరం లేక తాము ఊళ్లో తిరగడానికి తెచ్చుకున్న 50 సీసీ కబ్‌లనే అమ్మకానికి పెట్టారు.

నేను రెండూ నిజమే అనుకుంటాను. అనుకోకుండా తగిలిన అవకాశాన్ని అందుకోవాలంటే అంత చవగ్గా, అంత గట్టిగా చేసిన బండి ముందే చేతిలో ఉండాలి. ఆ బండి చేతిలో ఉండటానికి కారణం మళ్లీ సొంత దేశంలో 50 సీసీ గీత తెచ్చిపెట్టిన గిరాకీయే.

ఆడవాళ్ల కోసం వచ్చిన స్కూటర్లు, తర్వాత జరిగిన యుద్ధం

1970ల మధ్యకి కబ్ అంటే డెలివరీ బండి అన్న ముద్ర పడిపోయింది. 1976లో హోండా రోడ్‌పాల్ అనే తేలికైన బండి తెచ్చింది, ప్రకటనలో సోఫియా లారెన్. మరుసటి ఏడు యమహా పాసోల్ తెచ్చింది, దాని గొప్ప ఏమిటంటే కాళ్లు రెండూ దగ్గరగా పెట్టి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు, స్కర్టుతోనే నడపొచ్చు. అంతవరకూ సైకిలు తప్ప ఇంకేదీ తొక్కని గృహిణులు లక్షల్లో కొన్నారు. హెల్మెట్ అక్కర్లేదు, కారు లైసెన్సు ఉంటే చాలు, సంతకెళ్లి రావడానికి అంతకంటే ఏం కావాలి.

ఆ ఊపులో యమహా, హోండాని దాటేస్తామని బాహాటంగా ప్రకటించింది. హోండా ఊరుకోలేదు. ఏడాదిన్నరలో వందకు పైగా కొత్త బళ్లు, మార్పులు తెచ్చిందని చెబుతారు, ధరలు పడిపోయాయి, షాపుల ముందు స్కూటర్లు వరసలు కట్టాయి. 1983 మొదట్లో యమహా అధ్యక్షుడు ఓటమి ఒప్పుకున్నాడు. 1980లో ఒకటో తరగతి గెంట్సుకి బళ్లు దేశం లోపల దాదాపు 19.8 లక్షలు షాపులకి వెళ్లాయి.

ఈ యుద్ధం అయిపోయిన వెంటనే ఆ కంపెనీలు మన దేశంలో అడుగుపెట్టాయి. ఇక్కడ కూడా అప్పుడు ఒక గీత ఉండేది, కాకపోతే 100 సీసీ దగ్గర. విదేశీ భాగస్వామ్యంతో చిన్న బళ్లు చెయ్యడానికి 1980ల మొదట్లో మన ప్రభుత్వం తలుపు తెరిచినప్పుడు ఆ సైజుకే తెరిచింది. అందుకే హీరో హోండా సీడీ 100, ఇండ్ సుజుకి ఏఎక్స్ 100, యమహా ఆర్ఎక్స్ 100, కవాసాకి బజాజ్ కేబీ 100, పేర్లన్నీ వందతోనే ముగుస్తాయి. గేర్లు లేకుండా బటన్ నొక్కితే స్టార్టయ్యే కైనెటిక్ హోండా కూడా 98 సీసీ. 50 సీసీ గీత మన చట్టంలోనూ ఉంది, 16 ఏళ్లవాళ్లు 50 సీసీ దాకా ఉన్న బండి నడపొచ్చని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతుంది, కానీ అలాంటి కొత్త పెట్రోల్ బండి షాపులో దొరకడమే పోయింది. ఎక్స్‌ఎల్ 100 చూడ్డానికి చిన్నదే అయినా ఆ వయసు పిల్లలకి చట్టం ఒప్పదు.

నలభై ఏళ్ల తగ్గుదలకి ఎవరు కారణం

19.8 లక్షలు అన్నాను కదా, 2023కి అది 93 వేల దగ్గరికి వచ్చింది. అంటే వందలో ఐదు కూడా మిగల్లేదు. ఈ పతనం పొగ నిబంధనకన్నా ఎంతో ముందు మొదలైంది.

1982లో జపాన్ హైస్కూల్ తల్లిదండ్రుల సంఘాల సమాఖ్య "మూడు వద్దులు" ఉద్యమాన్ని దేశమంతా చేపట్టింది: లైసెన్సు వద్దు, బండి కొనవద్దు, నడపవద్దు. రోడ్డు మీద పిల్లలు చనిపోతున్నారు, కాబట్టి వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. దాని ఫలితం మాత్రం 16 ఏళ్లకి మొదలవ్వాల్సిన కొనుగోలుదారులు మొదలవ్వకపోవడం. 1986లో గెంట్సుకికి కూడా హెల్మెట్ తప్పనిసరి చేశారు, రెండు అంచెల కుడి మలుపు కూడా అప్పుడే వచ్చింది. హెల్మెట్ ప్రాణాలు కాపాడింది, అందులో వాదనే లేదు. కానీ జుట్టు చెదరకుండా సంతకెళ్లొద్దామని కొన్న ఆవిడ అక్కడ ఆగిపోయింది.

1993లో యమహాయే పాస్ అనే ఎలక్ట్రిక్ అసిస్ట్ సైకిల్ తెచ్చింది. తొక్కితే మోటారు సాయం పడుతుంది, లైసెన్సు లేదు, నంబర్ ప్లేటు లేదు. ఇద్దరు చిన్నపిల్లలున్న తల్లిని ఉదాహరణగా తీసుకోండి. 50 సీసీ స్కూటర్ మీద ఆమె ఒక్క పిల్లని కూడా ఎక్కించుకోకూడదు. అందుకోసమే తయారుచేసిన సైకిలు మీద 2009 నుంచి బడికి వెళ్లే వయసు రాని పిల్లలు ఇద్దర్ని చట్టబద్ధంగా తీసుకెళ్లొచ్చు. రోజూ పిల్లల్ని దింపిరావాల్సిన మనిషి స్కూటర్ ఎందుకు కొంటుంది? ఇప్పుడు ఈ సైకిళ్లు 50 సీసీ బళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ అమ్ముడవుతున్నాయి.

2006లో పార్కింగ్ తనిఖీలు ప్రైవేటువాళ్లకి అప్పగించేసరికి షాపు ముందు కాసేపు బండి ఆపడం కూడా చలానా పనైపోయింది. చివరికి ఒకప్పుడు కొట్టుకున్న హోండా, యమహాలే 2016లో చేతులు కలిపాయి. 2018 నుంచి యమహా జాగ్, వినో 50 సీసీ స్కూటర్లని హోండాయే తన కుమామోటో ఫ్యాక్టరీలో చేసిచ్చింది.

కంపెనీల వైపు నుంచి ఇంకో వాదన ఉంది, అది కూడా బలమైనదే. ఆసియాలో బళ్లు ఎక్కువ అమ్ముడయ్యే దేశాలన్నీ, మనతో సహా, 100 నుంచి 125 సీసీ వైపు వెళ్లిపోయాయి. లైసెన్సు గీత కోసం జపాన్ ఒక్కదానికీ వేరే ఇంజన్ చేస్తూ పోవాలి, అమ్మేది లక్ష కూడా లేదు. ఖర్చు తగ్గే దారి లేదు. 1958లో 55 వేల యెన్‌లున్న కబ్ 50, చివరి ఫైనల్ ఎడిషన్‌కి వచ్చేసరికి 2,97,000 యెన్‌లు.

పొగ నిబంధన 50 సీసీకే ఎందుకంత కష్టం

చిన్న ఇంజన్ తక్కువ పెట్రోల్ తాగుతుంది కాబట్టి పొగ కూడా తక్కువే కదా, మరి దానికే ఎందుకు కష్టం అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

యూరప్ పొగ నిబంధన యూరో 5కి సమానమైన కొత్త నిబంధన కిలోమీటరుకి ఇన్ని గ్రాములు అని కొలుస్తుంది: కార్బన్ మోనాక్సైడ్ 1 గ్రాము, హైడ్రోకార్బన్లు 0.1 గ్రాము, నైట్రోజన్ ఆక్సైడ్లు 0.06 గ్రాములు. ఇంత తక్కువకి తేవాలంటే సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా పనిచెయ్యాలి, అది పనిచెయ్యాలంటే సుమారు 300 డిగ్రీలు వేడెక్కాలి. ఆ వేడి ఇచ్చేది ఇంజన్ వదిలే పొగే. 50 సీసీ ఇంజన్ వదిలే వేడి తక్కువ, కాబట్టి కన్వర్టర్ వేడెక్కడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఈలోపు వచ్చిన పొగంతా శుద్ధి కాకుండా బయటికి పోతుంది. పరీక్ష చల్లటి ఇంజన్‌తో మొదలవుతుంది కాబట్టి ఆ మొదటి నిమిషాలే లెక్క చెడగొడతాయి. నిజ జీవితంలో గెంట్సుకి ప్రయాణాలు కూడా అంత పొడుగే ఉంటాయి, వేడెక్కేలోపు సంత వచ్చేస్తుంది.

సాధ్యం కాదని కాదు. కన్వర్టర్‌ని ఇంజన్ దగ్గరికి జరపొచ్చు, ఖరీదైన లోహాలు ఎక్కువ పెట్టొచ్చు, సెన్సార్లు పెంచొచ్చు. ఆ ఖర్చంతా లక్ష బళ్ల మీద పంచితే బండి ధర 110 సీసీని మించిపోతుంది. మిగతా తరగతులకి ముందే అమలైన ఈ నిబంధనని 50 సీసీకి 2025 దాకా వాయిదా వేసింది కూడా ఇందుకే.

125 సీసీ ఇంజన్ 50 సీసీ బండిగా ఎలా లెక్కకొస్తుంది

2025 ఏప్రిల్ 1 నుంచి ఒకటో తరగతి గెంట్సుకి నిర్వచనంలో ఒక ముక్క చేర్చారు: ఇంజన్ 125 సీసీ దాకా ఉండొచ్చు, కానీ గరిష్ఠ పవర్ 4 కిలోవాట్లు, అంటే సుమారు 5.4 హార్స్‌పవర్, దాటకూడదు. గీత సీసీ నుంచి కిలోవాట్‌కి మారింది.

దీన్ని ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఇంజన్ పవర్ ప్రధానంగా నిమిషానికి ఎంత గాలి పీల్చి పెట్రోల్‌తో కాలుస్తుందన్న దానిమీద ఉంటుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకి ఒకసారి పీలుస్తుంది. 50 సీసీ ఇంజన్ 7,500 ఆర్‌పీఎంలో తిరిగితే నిమిషానికి 3,750 సార్లు పీలుస్తుంది, 50తో హెచ్చవేస్తే 1,87,500 సీసీ, అంటే సుమారు 187 లీటర్లు. 110 సీసీ ఇంజన్ అదే గాలి పీల్చడానికి దాదాపు 3,400 ఆర్‌పీఎం చాలు. అసలు బళ్లలో లెక్క ఇంత శుభ్రంగా ఉండదు, గాలి దారిని కొంత మూసి, ఇంజెక్షన్‌ని కంప్యూటర్‌తో అదుపు చేసి పవర్ తగ్గిస్తారు. అయినా సారం అదే. పెద్ద ఇంజన్ని నెమ్మదిగా, తక్కువగా వాడి చిన్న ఇంజన్ పని చేయించొచ్చు. ఆసియా అంతటా లక్షల్లో తయారయ్యే ఇంజనే కాబట్టి దాని పొగ శుద్ధి ఖర్చు అప్పటికే పంచేసి ఉంటుంది. హోండా సూపర్ కబ్ 110 లైట్, డియో 110 లైట్ ఈ లెక్కతో వచ్చినవే.

ఇప్పుడు తికమక ఉన్న చోటికొద్దాం. కారు లైసెన్సు మాత్రమే ఉన్న ఒకాయన సూపర్ కబ్ 110 లైట్ నడిపాడనుకోండి, తప్పు లేదు. అదే ఆయన పక్కింటివాళ్ల మామూలు సూపర్ కబ్ 110 తీస్తే లైసెన్సు లేకుండా నడిపినట్టే, చూడ్డానికి రెండు బళ్లూ ఒకేలా ఉన్నా. మామూలు 110ని ఇంట్లో తనే పవర్ తగ్గించి నడిపితే? అది కూడా కుదరదు, తయారీలోనే 4 కిలోవాట్లకి పరిమితం చేసి, అధికారికంగా ఒప్పుకోలు పొందిన బండి అయి ఉండాలి. లైట్ బండి కొన్నాయనకి 30 కిలోమీటర్ల పరిమితి, వెనక మనిషి నిషేధం, రెండు అంచెల మలుపు, అన్నీ పాతవే వర్తిస్తాయి. నంబర్ ప్లేటు కూడా పాత 50 సీసీ లాగే తెల్లదే.

దీనిమీద అభిప్రాయాలు చీలి ఉన్నాయి. పల్లెల్లో బస్సులు తగ్గిపోయి చిన్న బండే ఆధారమైన పెద్దవాళ్లకి ఇది ఊపిరి అని ఒక వాదన, పోస్టు, పేపరు డెలివరీలకి కూడా. పోలీసు శాఖ 2023లో నిపుణులతో కమిటీ వేసి, ఇలాంటి బళ్లని నడిపించి చూసి, పాత 50 నడిపినవాళ్లకి ఇది అదుపు తప్పేదేమీ కాదని తేల్చింది. ఎదుటివైపు వాళ్లు చెప్పేవి రెండు. ఒకటి, బండి బరువు, సైజు, ధర మూడూ పెరిగాయి, అరవై దాటిన సన్నపాటి మనిషికి ఐదు కిలోల తేడా కూడా తేడానే. రెండోది, పవర్ తగ్గించే ఏర్పాటుని ఎవరో ఒకరు విప్పేస్తారని, బయటికి మామూలు 110లా కనిపించే బండిని రోడ్డు మీద గుర్తుపట్టడం కష్టమని.

నాకు మాత్రం మిగిలిపోయిన అసలు చిక్కు 30 కిలోమీటర్ల పరిమితి. అది 1960ల రోడ్ల మీద, సైకిలుకి మోటారు తగిలించిన బళ్ల కాలంలో పుట్టిన అంకె. పక్కనుంచి 50, 60లో కార్లు, లారీలు దూసుకుపోతుంటే డిస్క్ బ్రేకులున్న 110 బండి మీద మనిషి ఎడమ అంచున 30లో పోతూ ఉండటం క్షేమమని నేను అనుకోను. పరీక్ష లేకుండా లైసెన్సు ఇస్తున్నాం కాబట్టి వేగం పెంచలేమని అధికారుల మాట, దాంట్లోనూ న్యాయం ఉంది. అలాంటప్పుడు కారు లైసెన్సు ఉన్నవాళ్లకి ఒక పూట శిక్షణ ఇచ్చి మామూలు 125 నడపనివ్వొచ్చు కదా అని బళ్లవాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు. నాకు ఆ మాటే సబబుగా కనిపిస్తుంది, యూరప్‌లో కొన్ని దేశాలు అలాంటి దారే పట్టాయి.

ఎలక్ట్రిక్ బళ్లు దీంట్లో ఇంకో ముడి. వాటికి గీత 125 సీసీ కాదు, 4 కిలోవాట్లూ కాదు, మోటారు రేటెడ్ పవర్ (ఆగకుండా ఇవ్వగల పవర్) 0.6 కిలోవాట్లు. అంతే కాకుండా 2023 జులై నుంచి గంటకు 20 కిలోమీటర్లు దాటని ఎలక్ట్రిక్ కిక్ స్కూటర్లని 16 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సే లేకుండా నడపొచ్చు. అంటే ఒకే వీధిలో ఒకే పనికి వాడే బళ్లకి మూడు నాలుగు రకాల కొలబద్దలు. ఇప్పటికే రోడ్డు మీదున్న 50 సీసీ బళ్లకి వీటిలో ఏదీ అడ్డు రాదు, నిబంధన కొత్తగా తయారయ్యే బళ్లకే. ప్లేటు, పన్ను, బీమా ఉంటే పాత కబ్ 50 ఎప్పట్లాగే తిరగొచ్చు, విడిభాగాలు దొరికినన్నాళ్లూ.